విదేశానికి వెళ్లే ముందు రెండు దేశాల జీవితాన్ని పోల్చుకోవడం ఎలా? సమగ్ర మార్గదర్శి

ఆఫర్ లెటర్ రాగానే ఎవరైనా చేసే మొదటి పని కాలిక్యులేటర్ తెరవడం. అక్కడి జీతాన్ని ఇక్కడి డబ్బులోకి మార్చి చూస్తారు. వచ్చిన అంకె చూసి ఇంట్లో అందరి మొహాలూ వెలిగిపోతాయి. నా మనవి ఒక్కటే. ఆ అంకెను ఒక కాగితం మీద రాసి కొన్నాళ్లు పక్కన పెట్టండి. అంకెలో తప్పేమీ లేదు. కాకపోతే మీరు సంపాదించేది అక్కడి డబ్బులో అయితే, అద్దె కట్టేదీ బస్సు ఎక్కేదీ మందులు కొనేదీ కూడా ఆ డబ్బుతోనే.

"ఏ దేశం మంచిది?" అని అడిగితే ఎంత వెతికినా జవాబు దొరకదు. "ఈ ఊళ్లో మా ఇంటి నెల ఎలా గడుస్తోంది, ఆ ఊళ్లో ఎలా గడుస్తుంది?" అని అడిగితే దొరుకుతుంది. కింద చెప్పినదంతా ఆ రెండు నెలలను పక్కపక్కన పెట్టి చూడటం గురించే. తీరిక చేసుకుని కూర్చుంటే మూడు నాలుగు వారాల్లో అయిపోతుంది. ఇల్లూ బడీ ఉద్యోగమూ ఒకేసారి కదిలే నిర్ణయానికి ఆ మాత్రం సమయం ఇవ్వాలి.

1. ఎవరు, ఎక్కడికి, ఎందుకు, ఎన్నాళ్లు

ముందు ఈ నాలుగింటికీ జవాబు రాసుకోండి. దేశం పేరు రాస్తే సరిపోదు, ఊరి పేరు కావాలి. ఒకే దేశంలో రాజధానిలో అద్దెకూ చిన్న పట్టణంలో అద్దెకూ పొంతన ఉండదు. వెళ్లేది ఒక్కరా, ఇద్దరా, పిల్లలతోనా అన్నదాన్ని బట్టి పన్నులు, బీమా, ఇంటి సైజు అన్నీ మారిపోతాయి.

"ఎందుకు" అన్నది అన్నిటికన్నా ముఖ్యం. నాలుగేళ్లు పనిచేసి డబ్బు వెనకేసుకుని తిరిగి రావాలనుకునేవాళ్లకు నెలాఖరున మిగిలేది ఎంతో తెలియాలి. అక్కడే స్థిరపడాలనుకునేవాళ్లకు శాశ్వత నివాసం, పింఛను, పిల్లల చదువు ముఖ్యం. ఇద్దరికీ ఒకే పట్టిక పనికిరాదు. దంపతులిద్దరూ ఈ జవాబులను విడివిడిగా రాసి, తర్వాత కలిపి చూసుకోండి. జవాబులు కలవకపోతే అది ఇప్పుడే తెలియడం మంచిది.

2. ర్యాంకులను ఎంతవరకు నమ్మాలి

ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం 1990 నుంచి మానవాభివృద్ధి సూచికను ప్రచురిస్తోంది. మహబూబ్ ఉల్ హక్ ఆధ్వర్యంలో మొదలైన ఈ సూచిక ఆయుర్దాయం, చదువు, ఆదాయం అనే మూడింటిని కలిపి చూస్తుంది. దేశం మొత్తం మీద పరిస్థితి ఎలా ఉందో తెలుసుకోవడానికి ఇది పనికొస్తుంది. మీ ఇంటి గురించి ఇది ఏమీ చెప్పలేదు. ఎక్కువగా సంపన్న దేశాలు సభ్యులుగా ఉన్న ఆర్థిక సహకార సంస్థ ఓఈసీడీ 2011లో తెచ్చిన బెటర్ లైఫ్ ఇండెక్స్‌ది మరో పద్ధతి. ఇల్లు, ఉద్యోగం, ఆరోగ్యం, భద్రత వంటి 11 అంశాల్లో మీకు ఏది ఎంత ముఖ్యమో మీరే చెప్పవచ్చు. మీరిచ్చిన ప్రాధాన్యం మారితే దేశాల వరుస కూడా మారుతుంది. అందరికీ వర్తించే ఒకే ర్యాంకు ఉండదని అది చూస్తేనే అర్థమవుతుంది.

ధరల కోసం చాలామంది నంబియో చూస్తారు. 2009లో మొదలైన ఈ సైట్‌లో ఎక్కువ సమాచారం వాడుకరులు నింపిందే. పెద్ద నగరాలకు అంచనా బాగానే కుదురుతుంది. చిన్న ఊళ్లకు నలుగురైదుగురు రాసిన ధరలే ఉండవచ్చు. కాబట్టి ఎంతమంది రాశారో, ఎప్పుడు రాశారో చూసి నమ్మండి.

కొనుగోలు శక్తి సమానత, అంటే పీపీపీ అన్న మాట కూడా కనిపిస్తుంది. ఒకే రకమైన సరుకుల బుట్టను రెండు దేశాల్లో కొనడానికి ఎంతెంత అవుతుందో పోల్చి కట్టే రేటు ఇది. ప్రపంచ బ్యాంకు సమన్వయం చేసే అంతర్జాతీయ పోలిక కార్యక్రమం ఈ లెక్కలు కడుతుంది. ది ఎకనామిస్ట్ పత్రిక 1986లో మొదలుపెట్టిన బిగ్ మాక్ సూచిక ఇదే ఆలోచనను ఒక్క బర్గర్‌తో చూపిస్తుంది. ఇక్కడ ఒక్క విషయం గుర్తుంచుకోండి. అక్కడ ఖర్చుపెట్టే డబ్బును పీపీపీ రేటుతో చూడాలి. వెనక్కి పంపే డబ్బును, తిరిగి వచ్చేటప్పుడు తెచ్చుకునే పొదుపును బ్యాంకు ఇచ్చే మారకపు రేటుతో చూడాలి. ఈ రెండింటినీ కలగలిపితే లెక్క మొత్తం తప్పుతుంది.

3. చేతికొచ్చే జీతం

ఆఫర్ లెటర్‌లో ఉండేది సంవత్సరానికి మొత్తం జీతం. మీకు కావలసింది నెలకు ఖాతాలో పడేది. ఈ రెండింటి మధ్య దూరం ఒక్కో దేశంలో ఒక్కోలా ఉంటుంది. యూఏఈలో జీతం మీద వ్యక్తిగత ఆదాయపు పన్ను లేదు. బెల్జియంలో సగటు జీతం తెచ్చుకునే ఒంటరి ఉద్యోగి విషయంలో, యజమాని కట్టే వాటాతో కలిపి చూస్తే, ఆ ఉద్యోగి మీద అయ్యే ఖర్చులో సగానికి పైగా పన్నులకూ సామాజిక బీమాకూ పోతుంది. ఓఈసీడీ ఏటా వేసే 'ట్యాక్సింగ్ వేజెస్' నివేదికలో ఒంటరివాళ్లకు, పిల్లలున్న జంటలకు విడివిడిగా లెక్కలు ఉంటాయి. మీలాంటి కుటుంబం ఉన్న వరుస చూడండి.

తర్వాత పే స్లిప్ దగ్గరికి రండి. వీలైతే ఆ ఊళ్లో, మీతో సమానమైన జీతంతో, మీలాంటి కుటుంబం ఉన్న ఒకరిని అడిగి, పేరూ వివరాలూ తీసేసిన పే స్లిప్ ఒకటి చూడండి. ఒక్కో గీతకూ ఒక్కో ప్రశ్న వేయండి. కేంద్రానికి ఎంత, రాష్ట్రానికో ఊరికో మళ్లీ విడిగా ఎంత? పింఛనుకు పోయేదెంత, నిరుద్యోగ బీమాకు ఎంత? ఆరోగ్య బీమా ఇందులోనే కోస్తున్నారా, బయట కట్టుకోవాలా? బోనస్ ఖాయమా, కంపెనీ ఇష్టమా?

పింఛను గీత దగ్గర కాస్త ఆగండి. చాలామంది దాన్ని పోయిన డబ్బు కింద రాసేస్తారు. అది పోయిందో దాచుకున్నదో మీరు అక్కడ ఎన్నాళ్లుంటారన్నదాన్ని బట్టి ఉంటుంది. జర్మనీలో సాధారణ వృద్ధాప్య పింఛనుకు కనీసం 5 ఏళ్ల చందా ఉండాలి. అమెరికాలో 40 క్రెడిట్లు, అంటే పనిచేసి సంపాదించిన కాలానికి లెక్కలో పడే పాయింట్లు కావాలి, ఏడాదికి నాలుగుకు మించి రావు కాబట్టి కనీసం 10 ఏళ్లు పడుతుంది. రెండు దేశాల మధ్య సామాజిక భద్రత ఒప్పందం ఉంటే ఇక్కడి ఏళ్లనూ అక్కడి ఏళ్లనూ కలిపి లెక్కించే వీలు ఉండవచ్చు. మీ రెండు దేశాల మధ్య అలాంటి ఒప్పందం, దానితోపాటు రెండుసార్లు పన్ను పడకుండా చూసే ఒప్పందం ఉన్నాయో లేదో ప్రభుత్వ సైట్లలోనే చూసుకోండి. పన్ను ఏ దేశంలో కట్టాలో తేల్చుకోవడానికి, ఏడాదిలో 183 రోజులు ఎక్కడ ఉన్నామన్న లెక్క ఒక్కటీ చూసుకుంటే చాలనే మాట వినపడుతుంది, అది సరిపోదు. కుటుంబం ఎక్కడ ఉంది, ఇల్లు ఎక్కడ ఉంది, పౌరసత్వం ఏది అన్నవీ లెక్కలోకి రావచ్చు. అమెరికా తన పౌరులు ఎక్కడున్నా వాళ్ల ఆదాయంపై పన్ను లెక్క అడుగుతుంది.

4. ఇల్లు

బడ్జెట్ దెబ్బతినేది ఎక్కువగా ఇక్కడే. ఇళ్ల ప్రకటనలు చూసేటప్పుడు ఒక్కో దేశానికీ ఒక్కో భాష ఉంటుందని గుర్తుంచుకోండి. జర్మనీలో 'చల్లని అద్దె' అంటే ఇంటికి మాత్రమే. నిర్వహణ ఖర్చులు, సాధారణంగా హీటింగు కూడా కలిపితే 'వెచ్చని అద్దె'. కరెంటు, ఇంటర్నెట్ చాలావరకు దానికీ బయటే. అక్కడ 'మూడు గదులు' అంటే హాలుతో కలిపి మూడు. బెడ్‌రూమ్‌లు లెక్కపెట్టే అలవాటుతో చూస్తే ఒక గది ఎక్కువ ఊహించుకుంటాం.

నాకు తెలిసిన ఒక కుటుంబం ఫొటోలు చూసి అక్కడ ఇల్లు తీసుకుంది. తాళం తీసి వంటగదిలోకి వెళితే గోడలోంచి బయటికి వచ్చిన రెండు పైపులు, ఒక ప్లగ్ పాయింట్ తప్ప ఏమీ లేవు. సింకు లేదు, పొయ్యి లేదు, అరలు లేవు. వంటగది సామాను అద్దెకున్నవాళ్లే తెచ్చుకుని, వెళ్లేటప్పుడు తీసుకెళ్లడం అక్కడ మామూలే. ఆ సంగతి ప్రకటనలో ఉంది కూడా. ఆ ఒక్క మాటకు అర్థం వీళ్లకు తెలియలేదు. మొదటి నెల జీతంలో పెద్ద భాగం వంటగదికే పోయింది.

అందుకే నెల అద్దెతో పాటు 'తాళం చేతికి రావడానికి ఎంత' అని ఇంకో వరుస రాయండి. జర్మనీలో డిపాజిట్ మూడు నెలల చల్లని అద్దెకు మించకూడదని చట్టం ఉంది. జపాన్‌లో కొన్ని ఇళ్లకు డిపాజిట్ కాకుండా, తిరిగి ఇవ్వని కానుక సొమ్ము కూడా అడుగుతారు. ఏజెంటు ఫీజు, మొదటి నెల అద్దె, పరుపులూ బల్లలూ, ఇల్లు దొరికేదాకా తాత్కాలిక బస కూడా కలపండి. ఇక్కడ మీకున్న మంచి క్రెడిట్ స్కోరు చాలా దేశాల్లో మీ వెంట రాదు. కొత్తగా వచ్చినవాళ్లను ఎక్కువ డిపాజిట్టో హామీదారునో అడగవచ్చు.

చివరిగా, మీరు అనుకున్న ఇంటి నుంచి ఆఫీసుకు పనిరోజు ఉదయం ఎనిమిది గంటలకు ఎంతసేపు పడుతుందో మ్యాప్‌లో చూడండి. మధ్యాహ్నమో ఆదివారమో చూస్తే లాభం లేదు.

5. నెల ఖర్చు: బుట్ట కన్నా గంటలు మేలు

గత మూడు నెలల బ్యాంకు స్టేట్‌మెంట్ ముందు పెట్టుకుని మీ ఖర్చులన్నీ రాయండి. ఊహించి రాయవద్దు. తర్వాత వాటిని మూడు భాగాలు చేయండి. రెండు చోట్లా ఉండేవి, వెళ్లాక పోయేవి, వెళ్లాక కొత్తగా పుట్టేవి. పెద్దవాళ్లు పిల్లల్ని చూసుకుంటున్నారనుకోండి, ఇక్కడ డేకేర్ ఖర్చు సున్నా. అక్కడ అదే అద్దె తర్వాత రెండో పెద్ద ఖర్చు కావచ్చు. ఏడాదికోసారి ఇంటికి రావడానికి విమాన టికెట్లు, డబ్బు పంపడానికి అయ్యే ఛార్జీ కూడా కొత్తగా పుట్టేవే.

ఇప్పుడు నేను బాగా నమ్మే ఒక పద్ధతి చెబుతాను. ప్రతి ఖర్చునూ మీరు పనిచేయాల్సిన గంటల్లోకి మార్చండి. ఉదాహరణ కోసం అంకెలు ఊహించుకుందాం, అన్నీ ఒకే కరెన్సీలోకి మార్చినవే అనుకోండి. ఇక్కడ చేతికి నెలకు 960 వస్తుంది, 160 గంటల పని, అంటే గంటకు 6. అక్కడ 3,200 వస్తుంది, అవే 160 గంటలు, అంటే గంటకు 20. ఇక్కడ అద్దె 300 అయితే 50 గంటల పని. అక్కడ 1,200 అయితే 60 గంటలు. 600 ఖరీదైన ఫోన్ ఇక్కడ 100 గంటలు, అక్కడ 30 గంటలు. కొళాయి బాగుచేయించడం ఇక్కడ 12, అంటే రెండు గంటలు. అక్కడ 100, అంటే ఐదు గంటలు.

జీతం మూడు రెట్లకు పైగా పెరిగినా ఇల్లు భారమైంది, మరమ్మతు ఇంకా భారమైంది, ఫోన్ మాత్రం చవకైంది. దీని వెనక ఒక కారణం ఉంది. ఓడలో వేసి పంపగలిగే సరుకుల ధరలు దేశాల మధ్య కొంత దగ్గరగా ఉంటాయి. క్షవరం, వంట, పిల్లల సంరక్షణ, మరమ్మతుల వంటివి అక్కడికక్కడే, మనిషి చేత్తో జరగాలి. జీతాలు ఎక్కువున్న చోట ఆ మనిషి గంట కూడా ఖరీదే. ఆర్థికవేత్తలు బలాస్సా, శామ్యూల్సన్ 1964లో ఎవరికి వారుగా వివరించిన సంగతి ఇది. మీ జీవితం ఇప్పుడు ఎంతమంది సేవల మీద నడుస్తోందో చూసుకోండి. ఆ పనులు అక్కడ మీరే చేసుకోవాల్సి వస్తే వారానికి ఎన్ని గంటలు పోతాయో కూడా పట్టికలో రాయండి. ఆ గంటలు ఇంట్లో ఎవరి నెత్తిన పడతాయన్నదీ ముందే మాట్లాడుకోవాలి.

చిన్న విషయం ఒకటి. యూరప్ దుకాణాల్లో రాసి ఉన్న ధరలో పన్ను కలిసే ఉంటుంది. అమెరికాలో చాలా రాష్ట్రాల్లో బిల్లు దగ్గర కలుపుతారు. ధరలు పోల్చేటప్పుడు రెండూ ఒకే తీరున ఉన్నాయో లేదో చూడండి.

6. ఆరోగ్యం

జబ్బు పడ్డ రోజు ఏం జరుగుతుందో ఊహించుకుని చదవాల్సిన భాగం ఇది. స్థూలంగా మూడు పద్ధతులు ఉన్నాయి. 1948 నుంచి బ్రిటన్ నడుపుతున్న జాతీయ ఆరోగ్య సేవ ఎన్‌హెచ్‌ఎస్ లాగా పన్నుల డబ్బుతో నడిచేవి, జర్మనీ 1883లో మొదలుపెట్టినట్టు తప్పనిసరి బీమాతో నడిచేవి, అమెరికాలో లాగా ఎక్కువమందికి ఉద్యోగం ద్వారా ప్రైవేటు బీమా దొరికేవి.

కానీ పద్ధతి పేరు తెలిస్తే చాలదు. బ్రిటన్‌కు ఆరు నెలలకు మించిన వీసా మీద వెళ్లే చాలామంది ఆరోగ్య సర్‌చార్జి ముందే కట్టాలి. 2024 ఫిబ్రవరి నుంచి పెద్దవాళ్లకు ఏడాదికి 1,035 పౌండ్లు, వీసా ఎన్నేళ్లకైతే అన్నేళ్లదీ ఒకేసారి. స్విట్జర్లాండ్‌లో వెళ్లిన మూడు నెలల్లోపు బీమా తీసుకోవాలి, ఇంట్లో ఒక్కొక్కరికీ విడిగా, పిల్లలతో సహా. అమెరికా బీమాలో ప్రీమియం కట్టినా, ఏడాదిలో మొదట కొంత మొత్తం మీ జేబులోంచి పోయాకే చాలా ఖర్చులకు బీమా మొదలవుతుంది.

ఇంట్లో ఒక్కొక్కరి పేరూ రాసి, ఎదురుగా వాళ్లు వాడే మందులు, వెళ్లే డాక్టర్లు, రాబోయే అవసరాలు రాయండి. పళ్లు, కళ్లు, కాన్పు, మానసిక ఆరోగ్యం బీమాలోకి వస్తాయా? ఇప్పటికే ఉన్న జబ్బుకు ఎన్నాళ్లు ఆగాలి? స్పెషలిస్టు అపాయింట్‌మెంట్‌కు ఎన్ని వారాలు? మందుల విషయంలో మరీ జాగ్రత్త. ఇక్కడ చీటీ మీద దొరికే మందు అక్కడ నిషేధం కావచ్చు. ఏకాగ్రత కుదరని సమస్య ఏడీహెచ్‌డీకి చాలా దేశాల్లో ఇచ్చే యాంఫెటమిన్ మందును చీటీ ఉన్నా జపాన్‌లోకి తీసుకెళ్లకూడదు.

7. వీసా, ఉద్యోగ భద్రత

ఉద్యోగం పోతే ఎన్నాళ్లు ఉండవచ్చు? ముందు ఈ ప్రశ్న అడగండి. అమెరికాలో హెచ్‌1బీ అనే ఉద్యోగ వీసా మీద ఉన్నవారికి గరిష్ఠంగా 60 రోజులు. ఇల్లు ఖాళీ చేయడం, పిల్లల్ని బడి మాన్పించడం, కారు అమ్మడం అంతా ఆ 60 రోజుల్లోనే జరగాల్సి వస్తే ఎలా ఉంటుందో ఒక్కసారి ఆలోచించండి.

రెండో ప్రశ్న, జీవిత భాగస్వామికి పనిచేసే హక్కు ఉందా? ఇద్దరి జీతంతో నడిచే ఇల్లు ఒక్క జీతం మీదికి వస్తే, జీతం పెరిగిందన్న లెక్క తిరగబడవచ్చు. డబ్బును మించిన సంగతి కూడా ఉంది. పదేళ్లుగా ఉద్యోగం చేసిన మనిషి కొత్త దేశంలో ఇంట్లో ఒంటరిగా కూర్చోవాల్సి వస్తే ఆ బాధ ఏ పట్టికలోనూ కనపడదు. డాక్టర్లు, నర్సులు, టీచర్లు, లాయర్లు అయితే వాళ్ల డిగ్రీ, లైసెన్స్ అక్కడ చెల్లుతాయో లేదో, చెల్లకపోతే ఎన్ని పరీక్షలో, ఏ స్థాయి భాష కావాలో ఇక్కడ ఉండగానే కనుక్కోండి.

సెలవుల్లో తేడా చాలా ఉంటుంది. యూరోపియన్ యూనియన్‌లో ఏడాదికి కనీసం నాలుగు వారాల జీతంతో కూడిన సెలవు చట్టప్రకారం ఇవ్వాలి. అమెరికాలో ప్రైవేటు ఉద్యోగాలకు అలాంటి సమాఖ్య చట్టం లేదు, కంపెనీ ఎంత ఇస్తే అంత. స్వీడన్‌లో బిడ్డ పుడితే తల్లిదండ్రులిద్దరికీ కలిపి 480 రోజుల భత్యం ఉంటుంది.

8. పిల్లల చదువు

2000 నుంచి ఓఈసీడీ నడుపుతున్న పీసా పరీక్ష 15 ఏళ్ల పిల్లల చదువును దేశాల మధ్య పోల్చి చూపిస్తుంది. అది దేశం సగటు. మీ పాప వెళ్లేది ఒక్క బడికి. ఆ బడి ఏ భాషలో చెబుతుంది, భాష రాని పిల్లలకు ప్రత్యేక తరగతి ఉందా, ఇంటి చిరునామాను బట్టే సీటు ఇస్తారా అన్నవి కనుక్కోండి. వయసు కూడా చూడాలి. జర్మనీలోని చాలా రాష్ట్రాల్లో నాలుగో తరగతి అయ్యాక పిల్లలు వేర్వేరు రకాల బడులకు విడిపోతారు. భాష ఇంకా పట్టుబడని తొమ్మిదేళ్ల పిల్లను సరిగ్గా ఆ ఏడాది తీసుకెళితే తనకు అన్యాయం చేసినట్టవుతుంది. తిరిగి వచ్చే ఆలోచన ఉంటే, వచ్చాక ఏ తరగతిలో చేర్చుకుంటారన్నదీ ముందే అడగండి.

9. అంకెలకు అందనివి

వాతావరణాన్ని ఏడాది సగటుతో చూడకండి, నెలల వారీగా చూడండి. హెల్సింకిలో డిసెంబరు మూడో వారంలో పగలు ఆరు గంటల లోపే. చీకట్లో ఆఫీసుకు వెళ్లి చీకట్లో ఇంటికి రావడం కొందరికి పెద్దగా అనిపించదు, కొందరిని కుంగదీస్తుంది. గాలి విషయంలో, పీఎం 2.5 అనే అతి సన్నని ధూళి ఏడాది సగటు ఘనపు మీటరుకు 5 మైక్రోగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సూచించింది. రెండు ఊళ్ల అంకెలనూ దానితో పోల్చండి. నేరాల లెక్కల్లో హత్యల రేటే దేశాల మధ్య కాస్త నమ్మకంగా పోల్చగలిగేది. దొంగతనాలు, వేధింపులు పోలీసుల దాకా ఎంత వెళతాయన్నది దేశానికో తీరు.

వీలుంటే ఒకసారి వెళ్లి రండి, అదీ అక్కడి వాతావరణం బాగా ఇబ్బంది పెట్టే నెలలో. హోటల్‌లో కాకుండా, మీరు ఉండాలనుకుంటున్న పేటలో అద్దె గది తీసుకోండి. సరుకులు కొనండి, ఆఫీసు వేళలో బస్సు ఎక్కండి, మందుల దుకాణంలో మాట్లాడి చూడండి. రాత్రి తొమ్మిదింటికి ఆ వీధిలో నడవండి. అక్కడున్న వాళ్లను కలిసినప్పుడు "బాగుందా?" అని అడగకండి, అందరూ బాగుందనే అంటారు. "పోయిన వారం ఎవరింటికి వెళ్లారు? మీ ఇంటికి ఎవరు వచ్చారు?" అని అడగండి. ఆ జవాబులో వాళ్ల జీవితం తెలుస్తుంది.

10. పట్టిక వేసి, చెడ్డ ఏడాదికి పరీక్ష పెట్టడం

మార్కులు వేసే ముందు, ఏది లేకపోతే వెళ్లబోరో రాయండి. రెండు మూడుకు మించవద్దు. భాగస్వామికి పనిచేసే హక్కు, ఒక మందు దొరకడం, ముసలి తల్లికి వీసా, ఏదైనా కావచ్చు. అవి లేకుంటే మిగతా పట్టికలో ఎన్ని మార్కులు వచ్చినా లాభం లేదు. ఉన్నాయంటే, మిగతా అంశాలకు మొత్తం 100 పంచి, రెండు ఊళ్లకూ విడివిడిగా మార్కులు వేయండి. ఇద్దరూ వేరుగా వేయండి. మీ మార్కులకూ అవతలివాళ్ల మార్కులకూ ఎక్కడ దూరం ఎక్కువుందో అక్కడ కూర్చుని మాట్లాడుకోండి.

ఆ తర్వాత అదే పట్టికను మూడు దెబ్బలతో మళ్లీ లెక్కించండి. మారకపు రేటు 20 శాతం పడిపోతే? మూడు నెలలు జీతం రాకపోతే? ఇంటి నుంచి ఫోన్ వచ్చి, అప్పటికప్పుడు అందరూ బయలుదేరాల్సి వస్తే? మూడింటిలో దేనికైనా చేతిలో డబ్బు చాలకపోతే, ఆ లోటు పూడ్చేదాకా ప్రయాణాన్ని వాయిదా వేయడం మేలు. జనన, వివాహ, చదువు ధ్రువపత్రాలకు రెండో దేశం అపోస్టీల్, అంటే పత్రం అసలైనదేనని ఇక్కడి ప్రభుత్వం వేసే ధ్రువీకరణ అడుగుతుందో లేదో చూసి, ఆ పని ఈలోగా చేయించుకోండి. 1961 హేగ్ ఒప్పందంలో రెండు దేశాలూ ఉంటే ఇది సులువు.

పట్టిక మీద ఆనాటి తేదీ వేయండి. పన్నులూ వీసా నియమాలూ మారుతూనే ఉంటాయి, కాబట్టి టికెట్లు కొనే వారం మరోసారి సరిచూడండి. వెళ్లిన ఏడాదికి అదే కాగితం తీసి, ఊహించిన ప్రతి అంకె పక్కనా నిజంగా అయిన ఖర్చు రాయండి. అద్దె ఒప్పందం పొడిగించాలా వద్దా అని తేల్చుకునే వేళకు అది మీ చేతిలో ఉండాలి.